పై వరుసలో రాయించిన సేటు మాట

మొన్న ఉధ్నాలో డాక్టరు నా మోకాళ్లకు కొత్త మందు రాస్తూ, ఇది పాతదానికన్నా బాగా పనిచేస్తుందనగానే, రెండింటికీ తేడా లేదన్న మాటను ముందు ఓడించి చూశారా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి, ఏం చదువుకున్నారన్నాడు. కరోనా కాలంలో మా పేట, సగం లింబాయత్‌కు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణని చెప్పి వచ్చాను.

సగం లింబాయత్ కాదు లెండి, ఒక్కతే, నా మనవరాలు. మరమగ్గాలన్నీ ఆగిపోయి, పక్కింట్లో ఎవరు దగ్గినా గల్లీ అంతా ఉలిక్కిపడే ఆ రోజుల్లో, ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోన్లో బీకాం మొదటి ఏడాది క్లాసులు వింటూ ఆ పిల్ల స్టాటిస్టిక్స్ తప్పింది. మళ్లీ ఒక్కసారి రాయనిచ్చారు. ఇదీ పోతే చదువు బంద్, చీరలకు రాళ్లు అతికించే పనికి కూర్చుంటానంది.

పరీక్షకు రెండు రోజుల ముందు అభ్యాసానికి ఒక లెక్క వచ్చింది. పాత దారం మగ్గం మీద గంటకు సగటున ఆరుసార్లు తెగుతుంది, కొత్తది అంతకన్నా తక్కువ తెగుతుందని అమ్మే సేటు అంటున్నాడు. పైన నల్, దాని కింద ఆల్టర్నేటివ్ అని ఒకదానికొకటి ఎదురుగా రెండు వాక్యాలు రాయాలి. దారం పేరు వినగానే నేను ఆగుతానా, నలభై ఏళ్లు మగ్గం నడిపిన అనుభవమంతా గొంతులో పెట్టుకుని, పైన నల్ అన్నచోట సేటు మాట రాయించాను. కాదన్న మాట దాని కింద. గంటలో ఫోన్లో కాలేజీ మాస్టారి ఎర్ర గీత వచ్చింది.

"మొత్తం ఉల్టా చెప్పినవ్ తాతా! కొత్తది గూడ పాతదాని లెక్కనే తెగుతది, ఫరక్ ఏం లేదని పైన రాయాలె. తక్కువ తెగుతదనే సేటు మాట కింద. తెగినయన్నీ లెక్కవెట్టి సబూత్ దొరికితేనే పైదాన్ని కొట్టెయ్యాలె. నువ్వు ఎన్నడన్న లెక్కవెట్టినవా?"

లెక్క చూపించమని మా మగ్గాల సేటును నిలదీశానని ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. కొత్త దారం తక్కువ తెగుతుంది, కాబట్టి మనిషికి ఇంకో రెండు మగ్గాలు అని ఆయన అంటే, జీ సేఠ్ అని తల ఊపి, వాటి మధ్య పరుగెత్తుతూ తెగిన పోగులు ముడివేసినవాణ్ణే. ఎక్కువ తెగితే మా చేతులే మొద్దుబారాయనుకున్నాం గానీ దారాన్ని అనుమానించలేదు. అందుకే నా నోట సేటు మాట పైకెక్కింది.

పరీక్ష ఇంట్లోనే ఫోన్లో రాసిన రోజు పిల్ల నన్ను గదిలోకి రానివ్వలేదు. గుమ్మం బయట నోరు మూసుకుని కూర్చోవడం ఆరు మగ్గాలు చూడటం కన్నా కష్టమైన పని. పాసయింది. నేనే చెప్పానని గల్లీ అంతా చాటుకుంటే, పాపం, కాదనలేదు.

ఇప్పుడు ఇచ్ఛాపూర్‌లో ఒక మిల్లులో దారం పరీక్షించే విభాగంలో పనిచేస్తోంది. అక్కడ ప్రతి మగ్గానికీ చిన్న తెర ఉందట, ఎన్ని పోగులు తెగాయో అదే చూపిస్తుందట, నడిపేవాడూ చదువుకోవచ్చట. మా కాలంలోనూ అన్నే తెగాయి, చూపే తెర లేదు గానీ ముడివేసిన మా వేళ్లకు తెలుసు. నాతోపాటు మగ్గం నడిపినవాళ్లలో చాలామంది మాత్రం, తప్పు తమ చేతులదేననుకుంటూ వెళ్లిపోయారు.