అక్క పెట్టని సంతకం

నంద్యాలలో మందుల షాపు నడిపే చక్రపాణి, బంగారు గని కోసం వెతుకుతున్న ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాడు. ధర సగానికి పడింది. చవగ్గా ఉన్నప్పుడే మరిన్ని కొనాలని, ఆళ్లగడ్డ దగ్గర అక్కతో ఉమ్మడిగా ఉన్న పొలం తాకట్టు పెట్టబోయాడు. అక్క శ్రీలక్ష్మి సంతకం పెట్టనంది.

"ఆడ బంగారం ఉందో లేదో వాళ్లకే తెల్దు గదరా. కొన్నవి పెట్టుకొని ఓర్చుకో. పొలం జోలికి రావాకు."

చక్రపాణి అలిగి చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

చివరికి తవ్వకాల్లో ఏమీ దొరకలేదని కంపెనీ ప్రకటించింది. షేర్లకు విలువే లేకుండా పోయింది. మర్నాడే చక్రపాణి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. శ్రీలక్ష్మి మినుము చేనులో కలుపు తీస్తోంది.

"నువ్వు ఆ పొద్దు సంతకం పెట్టింటే ఈ చేను పోయిండేదక్కా," అన్నాడు చేలోకి దిగుతూ.

"వచ్చినావు గదా, ఆ సాలు పట్టు," అందామె నవ్వుతూ.

ఎండెక్కేదాకా ఇద్దరూ చెరో వరస పట్టి కలుపు తీశారు.