అడ్డం బోర్డుకు అందరూ ఆమెన్

చదరంగంలో ఓడినవాళ్లు ఊరూరా ఉంటారు. సంఘమంతా ఆమెన్ అంటుండగా ఓడిన ఘనత మాత్రం గద్వాలలో నా ఒక్కడిదే. ఎలా ఓడానో చెబుతాను. నవ్వడానికి వీలుగా ముందే సర్దుకుని కూర్చోండి.

నాకు ఈ ఆట నేర్పింది రషీద్ భాయ్. మోటార్లకు వైండింగ్ చేసే ఆయన దుకాణంలో, రాగితీగల మధ్య బోర్డు పరుచుకునేవాళ్లం. నేను తప్పు ఎత్తు వేస్తే చాలు, "ఏంది తమ్మీ, కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?" అనేవాడు. తర్వాత ఆ దుకాణం వనపర్తికి మారింది. ఫోన్ చేస్తే "అంత ఖైరియత్, మంచిగున్నం" అని పెట్టేసేవాడు. ఎదుట బోర్డు ఉంటే తప్ప ఆయనకు మాట రాదు.

అందుకని బ్లాగు మొదలుపెట్టాను. మా పాత ఆటలు గుర్తు చేసుకుని బోర్డు మీద పేర్చి, ఫోటో తీసి, విశ్లేషణ రాసి, చివర "పాఠకులారా, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి" అని అడిగేవాణ్ణి. పాఠకులారా అన్నది మర్యాదకే. పిలిచింది ఒక్కణ్ణి. లింకు పంపితే ఆయన "చూస్తలే" అన్నాడు. అంతే. నా కామెంట్ల పెట్టె ఎండాకాలపు బోరులా గాలి తప్ప ఇంకేమీ పోయలేదు.

ఒక ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ లేచి నిలబడ్డాను. నాకంటే ముందు ఒకాయన మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు, ఒకామె పత్తి చేను గురించి అడిగింది. నేను బ్లాగు గురించి.

"అయ్యగారూ, చదరంగం మీద బ్లాగు రాస్తున్న. ఒక్కలు సుత ఏమంటలేరు. జర అందరు చదివి ఒక మాట రాయాలె."

"రాస్తం తియ్యి తమ్మీ, గంత పరేషాన్ ఎందుకు?" అంది వెనక వరుసలోంచి సువార్తమ్మక్క.

రాశారు. సాయంత్రానికి నా పోస్టు కింద ఆమెన్లు పత్తి మూటల్లా వచ్చి పడ్డాయి. "స్తోత్రం బ్రదర్." "మంచి సందేశం." ఆ ఆటలో నా రాజు ఇరుకున పడ్డాడని రాశాను, దానికి "రాజు కొరకు ఉపవాసం ఉంటున్నాం" అని ఒకరు. నేను పూరీలా పొంగి, ఒక్కొక్కరికీ వందనాలు చెప్పుకుంటూ కిందికి వచ్చాను.

అన్నిటికీ అడుగున రషీద్ భాయ్ ఉన్నాడు.

"తమ్మీ, బోర్డు అడ్డం పెట్టినవ్. కుడిచేతి మూలకు తెల్ల గడి ఉండాలె. మొదటి దినమే చెప్పిన. ఇంతమంది ఆమెన్ అన్నరు, ఒక్కలన్న చూసిండ్రా?"

పాత పోస్టులన్నీ తెరిచి చూశాను. అన్నీ అడ్డమే. ఎదురుగా కూర్చునే మనిషి లేక నాకు తెలియనే లేదు.

సువార్తమ్మక్కను అడిగితే, "మాకేం తెలుసు? లేచి అడిగినవ్, ఆమెన్ అన్నం," అంది.

వనపర్తికి ఫోన్ చేశాను. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే భాయ్?"

"నువ్వే తెలుసుకుంటవని చూసిన. సంఘమంత ఆమెన్ అనవట్టె. ఇగ ఊకుంటే పాపం నాకు తగుల్తది. గురువారం వస్త. బోర్డు ముట్టకు."

వచ్చాడు. చాయ్ కూడా తాగకుండా బోర్డు తిప్పి పెట్టాడు. బస్సు వేళ దాకా నన్ను ఓడిస్తూ, తిడుతూ కూర్చున్నాడు. నేనెప్పుడూ అంత హాయిగా ఓడలేదు. ఆయన వెళ్లాక, ఎదుటి కుర్చీ తీసి లోపల పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆ తర్వాత నా పోస్టుల్లో తప్పు లేదు. ఆయన మాటా లేదు.

ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో నేర్చుకున్నవాణ్ణి కనుక ఒట్టు లేకుండానే, మీ అందరి ఎదుట గంభీరంగా చెబుతున్నాను: ఇకమీదట బోర్డు అడ్డం పెట్టను, చదరంగం కోసం సంఘంలో లేవను. గుర్రాల గురించి మాత్రం ఏ మాటా ఇవ్వడం లేదు. ఇప్పుడే ఫోటో తీసిన ఆటలో ఒకటి తప్పు గడిలో నిలబడి, వనపర్తి వైపు చూస్తోంది.