ఒక మనిషి తక్కువైంది

వానలు మొదలయ్యేలోపు పెరట్లో టార్పాలిన్ కట్టాలని మా ఆయన నిన్న కొత్త కొబ్బరి తాడు తెచ్చాడు. ముడి బాగా బిగుస్తుందని రాత్రి దాన్ని బకెట్లో నానబెట్టాను. పొద్దున్న తీసి పిండుతుంటే తడి పీచు వాసన గుప్పుమంది. చేతిలో పని అలాగే ఆగిపోయింది. అరచేతులు వాటంతటవే మండినట్టనిపించింది. మా అమ్మాయి వచ్చి "ఏమైందమ్మా?" అని అడిగింది. "మీ నూకరత్నం పెద్దమ్మ గుర్తొచ్చింది" అన్నాను. దానికి పెద్దమ్మ ముఖం లీలగానే గుర్తు. అందుకే ఇదంతా రాద్దామనిపించింది.

ఈ దీవుల్లో, బతు బస్తీ అనే పేటలో, మా ఇంటికీ నూకరత్నం అక్క ఇంటికీ మధ్య ఒక రేకు గోడ ఉండేది. ఆవిడది భీమిలి వైపు ఒక సముద్రపు పల్లె. పెళ్ళయి ఈ దీవులకు వచ్చేసింది. మొగుడు డింగీ అనే చిన్న పడవ మీద వేటకెళ్ళేవాడు, ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సందు సందూ తిరిగి అమ్మేది. పొడుగాటి మనిషి. నవ్విందంటే రోడ్డు మీది ఆటోవాళ్ళు కూడా తల తిప్పి చూసేవారు. చేపలకు గిరాకీ అంతా ఆదివారమే కదా, ఆ ఒక్క రోజే ఆవిడ తట్ట ముట్టుకునేది కాదు. మొగుడు గొణిగేవాడు, అలవాటైన ఇళ్ళవాళ్ళు విసుక్కునేవారు. "ఆరు రోజులు ఊరికి, ఒక్క రోజు నాకు. మీకు సేప కావాలంటే శనోరం కొనుక్కోండి" అని తేల్చి చెప్పేది.

ఆదివారం తెల్లారగానే ఆవిడ వెనక ఒక చిన్న ఊరేగింపు కదిలేది. మా సందులోని నాలుగైదు తెలుగు కుటుంబాలు, పక్క సందు నుంచి బెంగాలీ మీనూ దీదీ వాళ్ళు, వాళ్ళ పిల్లలు, గిన్నెలు, బియ్యం, ఒక ఫుట్‌బాల్, భుజానికి చుట్టుకున్న లావుపాటి కొబ్బరి తాడు. బస్సెక్కి చాతం జెట్టీ, అక్కడి నుంచి ఫెర్రీలో బాంబూఫ్లాట్, దిగాక ఒడ్డు వెంట నడక. పోటు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే ఒక చిన్న ఇసుక తీరం వాళ్ళ మైదానం. ఉప్పునీటి మొసలి జాడ ఏమైనా ఉందా అని అక్కడి జాలర్లను అడిగి, సరేనన్నాకే పిల్లల్ని నీళ్ళలోకి వదిలేవారు. మధ్యాహ్నం రాళ్ళ పొయ్యి మీద చేపల పులుసు. తర్వాత ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ తాడు లాగే పోటీ. ఇక్కడ పొద్దు త్వరగా వాలిపోతుంది కాబట్టి చీకటి పడకముందే మళ్ళీ ఫెర్రీ. ఇదంతా నేను మొదట్లో గోడ ఇవతలి నుంచి విన్నదే తప్ప చూసింది కాదు.

నేను బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చాను. మా ఆయనకు ఇక్కడ చిన్న పెయింట్ల దుకాణం ఉంది. వచ్చిన మూడో ఏడు మాకు మగబిడ్డ పుట్టాడు. కళ్ళు తెరవలేదు, ఏడవలేదు. ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాను. ఆ తర్వాత నెలల తరబడి గడప దాటలేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి నన్ను చూసి కళ్ళు తుడుచుకునేవారు. నేను కూడా ఏడ్చేదాన్ని. వాళ్ళు వెళ్ళిపోయాక నా ఒంటిని చూసుకుంటే అసహ్యం వేసేది. ఇన్ని నెలలు మోసి, చివరికి ఏమీ ఇవ్వలేని ఒళ్ళు ఇది అనిపించేది. అద్దంలో జుట్టు దువ్వుకోవడం కూడా మానేశాను. అమ్మ ఫోన్లో "వచ్చెయ్యవే, ఆ నీళ్ళ మధ్య ఏం చేస్తావు?" అనేది. చివరికి విశాఖపట్నం ఓడకు నా ఒక్కదానికి టికెట్ తీసుకున్నాం. మళ్ళీ వస్తానో రానో నాకే తెలియదు.

ఓడకు వారం ముందు, శనివారం సాయంత్రం నూకరత్నం అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అందరిలా కూర్చోలేదు, చెయ్యి పట్టుకోలేదు.

"ఏటి సేస్తన్నావు పద్మా? రేపు ఖాళీయేనా?"

"నాకు ఒంట్లో బాగోలేదక్కా."

"నిన్ను పాటలు పాడమన్నానేటి? తాడు లాగడానికి మా ఆడోల్ల జట్టులో ఒక మనిసి తక్కువైపోనాది. నాకేమో నడుం పట్టీసింది. నువ్వు రాకపోతే ఆట నేదు. మగోల్లు నవ్వుతారు."

"నావల్ల ఏమవుతుంది? గాలొస్తే పడిపోయేలా ఉన్నాను."

"పడితే ఇసకే కదే. ఏడు గంటలకి బస్సు. జల్దీ రా" అనేసి వెళ్ళిపోయింది. కాదనడానికి నాకు సందు దొరకలేదు. నా వల్ల ఇంకొకరి ఆట ఆగిపోతుందన్న మాట ఏమిటో నాకు కొత్తగా అనిపించింది. అన్నాళ్ళుగా నా అవసరం ఎవరికీ పడలేదు.

మర్నాడు వెళ్ళాను. మా ఆయన నమ్మలేనట్టు చూస్తూ వెనకే వచ్చాడు. మధ్యాహ్నం అక్క నన్ను తాడు చివర నిలబెట్టి, కొసను నా నడుముకు చుట్టింది. మడమలు ఇసుకలోకి దిగేదాకా తొక్కించింది. "తాడుకేసి సూడకు. ఎనక్కి వాలిపో, ఆకాశం కనబడాల. సేతుల్తో లాగితే సేతులు పోతాయి, కాళ్ళతో లాగు" అంది. తను పక్కకు జరిగి "హో" అని కేక పెట్టింది.

తాడు బిర్రుగా బిగిసింది. ఎదురుగా మగవాళ్ళ వరసలో మొదట మా ఆయనే. కాళ్ళతో ఇసుకను వెనక్కి తన్నాను. అంతలోనే మడమల కింద ఏదో గట్టిగా ఆనినట్టయింది. కదల్లేదు. నేను కదల్లేదు! ఆ మాట నాలో నేనే అనుకున్నట్టు ఇప్పటికీ గుర్తు. ఇంతలో అవతలివైపు ఒక్కసారిగా వదులైంది, మగవాళ్ళంతా ముందుకు తూలి పడ్డారు. ఆడవాళ్ళు ఈలలు, కేకలు. నేను మాత్రం తాడు విప్పి నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు వదిలేశావు కదూ?"

ఆయన తల దించుకున్నాడు. "నీకు దెబ్బ తగులుతుందేమోనని..."

"జాలిపడకు. అందరూ జాలిపడుతూనే ఉన్నారు. నువ్వైనా సరిగ్గా లాగు."

అంతమందిలో అంత గట్టిగా ఎలా అన్నానో తెలియదు. నూకరత్నం అక్క చప్పట్లు కొట్టి "సెల్లి సెప్పింది ఇన్నారు కదా, సలో, ఇంకోపాలి!" అని అరిచింది. ఈసారి ఆయన నిజంగానే లాగాడు. ఎంతో సేపు నిలదొక్కుకున్నాం. మీనూ దీదీ ముందు జారింది, ఆమె వెనకవాళ్ళు జారారు, నేను బోర్లా పడి ఇసుకలో రెండు బారలు ఈడ్చుకుపోయాను. నోటి నిండా ఇసుక. లేవబోతుంటే నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. మా ఆయన పరుగెత్తుకొచ్చి నా ముఖం తుడిచాడు; నేను నవ్వుతుంటే ఆయన ఏడ్చాడు. బిడ్డ పోయాక ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు. ఆ దుఃఖం ఆయనది కూడా అని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇద్దరం నీళ్ళ అంచున అలాగే కూలబడ్డాం. ఇసుక దోమలు కుడుతున్నా లేవలేదు.

సముద్రం బాగోలేక ఆ ఓడ వారం ఆలస్యమైంది. అందుకని తర్వాతి ఆదివారం కూడా వెళ్ళాను. ఫెర్రీలో తిరిగి వస్తుంటే, ఎర్రగా కమిలిన అరచేతులు చూసుకుంటూ ఆయనతో అన్నాను: "టికెట్ వాపసు ఇచ్చెయ్." ఆయన నా పక్కకు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు.

కొన్ని నెలల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఒకరోజు నూకరత్నం అక్క నిండు తట్టను ఎవరి సాయం లేకుండా ఒక్క ఊపున నెత్తికెత్తుకోవడం చూశాను. నడుం పట్టిన మనిషి అలా ఎత్తుకోగలదా? మీనూ దీదీని అడిగితే ఆవిడ నవ్వి, తనకొచ్చిన తెలుగులో చెప్పింది: "నడుం నొప్పి లేదు, కుచ్ నహీ! జట్టు ఫుల్ ఉండె. నీకు జాగా కావాల అని రత్నం దీదీ తన జాగా ఖాళీ చేసింది." చివర నిలబడడం ఎప్పుడూ నూకరత్నం అక్కదేనట. ఆ చోటు కోసం ఎవరైనా పోటీకొస్తే కొట్టేంత పని చేసేదట. వారమంతా ఎదురుచూసే ఆట అది. అన్ని నెలలూ పక్కన నిలబడి కేకలు పెడుతూ గడిపింది.

ఆ సాయంత్రం గోడ దగ్గర అడిగాను, ఎందుకలా చేశావని. మొదట తోసిపుచ్చింది. "తాడంటే బోరు కొట్టీసిందే" అంది. నేను కదలకుండా నిలబడ్డాను. చేపల కత్తి కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకూ ఒక ఆడగుంట పోయిందే. ఈ ఊరొచ్చిన కొత్తల్లో. రెండేళ్ళ గుంట, జొరం. అప్పుడు నన్ను ఏడవడానికి పిలిసినోల్లే గానీ, ఆడడానికి పిలిసినోల్లు నేరు. ఎవులన్నా ఒకపాలి పిలిస్తే బాగుణ్ణు అనుకునీదాన్ని. సిగ్గేసి సెప్పలేదు."

అంతే. కత్తి తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం నేను వరసలో ముందుకు జరిగి చివరి చోటు ఆవిడకు ఇచ్చేశాను. ఆ రోజు మగవాళ్ళను ఎంత దూరం లాగామో చెబితే ఇప్పుడెవరూ నమ్మరు.

రెండేళ్ళకు మా అమ్మాయి పుట్టింది. దాన్ని మొదటిసారి సముద్రపు నీళ్ళలో ముంచింది ఆవిడే. తర్వాత వాళ్ళాయనకు చూపు తగ్గి వేట మానేశాక, ఇంకో దీవిలో, హట్ బేలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. జెట్టీలో వీడ్కోలు చెప్పేటప్పుడు, ఎన్నో రోజులుగా దాచుకున్న మాటలు చెబుదామని నోరు తెరిచాను. "సాల్లే, ఎండెక్కిపోతంది, గుంట నెత్తికి టోపీ ఎట్టు" అని నన్ను తోసేసి ఓడెక్కేసింది. ఫోన్లో కూడా అంతే. కృతజ్ఞత మాట ఎత్తగానే చేపల ధరల్లోకి దిగిపోతుంది.

ఆవిడ వెళ్ళాక మా గుంపులో ఇంకో రెండు కుటుంబాలు కలిశాయి. మేమింకా ఆదివారాలు వెళుతూనే ఉన్నాం. పిల్లలు పట్టుబడితే ఒక్కోసారి బాంబూఫ్లాట్ వెనక కొండ కూడా ఎక్కుతాం. సగం దారిలో ఆయాసం వస్తుంది, మోకాళ్ళు మొరాయిస్తాయి. ఒకప్పుడు నన్ను మోసం చేసిందనుకున్న ఒళ్ళే ఇది. ఇప్పుడు దాని మీద కోపం లేదు. ఒక రాయి మీద కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, దానికి నెమ్మదిగా "పద" అంటాను. వస్తుంది.