వేడెక్కిన ల్యాప్‌టాప్ కోసం ప్రార్థన

లాక్‌డౌన్ రోజుల్లో అందరూ ఎవరో ఒకరికి సాయం చేశామని చెప్పుకుంటారు. నేను మాత్రం ఒక పిల్ల నోట్లో మట్టి కొట్టాను. ఆ పిల్ల నన్ను నోరారా అక్కా అని పిలిచేది.

మేమిద్దరం ఐర్లండ్‌లో స్లైగో అనే ఊళ్ళో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాది కృష్ణా జిల్లా, ఆమెది నల్గొండ వైపు. ఇండియాలో ఇద్దరం నర్సులమే. ఇక్కడికొచ్చాక ఒకే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్లం. అంటే ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం. ఇంగ్లీషు పరీక్ష పాసైతే తప్ప ఇక్కడ నర్సు కాలేం. నేను అప్పటికి రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను, అదీ మాట్లాడే భాగంలోనే. ఆ పిల్ల మొదటిసారి రాయబోతోంది. నర్సింగ్ బోర్డు ఆమెకిచ్చిన ఉత్తరానికి ఆ నెలాఖరు వరకే గడువు. ఆలోగా పరీక్ష గట్టెక్కితే నర్సు, లేకపోతే కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచి పంపుకోవాలి.

పరీక్షా కేంద్రాలు మూసేశారు కాబట్టి ఇంట్లోంచే రాయాలి. ల్యాప్‌టాప్ కెమెరా ముందు ఒంటరిగా కూర్చుంటే అవతలినుంచి ఒకాయన కాపలా కాస్తాడు. ఫోన్ పనికిరాదు. ఆమె ల్యాప్‌టాప్ చూస్తే, ఆన్ చేసిన పావుగంటకే పెనంలా కాలేది. లోపల ఫ్యాను పప్పు రుబ్బుతున్న మిక్సీలా మోతపెట్టి, ఉన్నట్టుండి టప్పున ఆరిపోయేది. పాడవదూ మరి? చలికాలమంతా దాన్ని బొంత మీద పెట్టుకుని, కుంపటిలా ఒళ్ళో పెట్టుకుని వెచ్చబడింది.

"దానికి గాలి ఎక్కడాడుతుందే పిచ్చిమొహమా" అని నేనెన్నిసార్లు తిట్టానో.

"అక్కా, మస్తు చలి పెడుతుంది గదా, రెండు పన్లు ఒక్కసారే అయితయ్" అని నవ్వేది.

కంపెనీకి ఫోన్ చేసింది. వారంటీ అయిపోయి ఏడు వారాలైందట. ఫోనెత్తినవాడు ప్రతి మాటకూ గ్రాండ్, గ్రాండ్ అన్నాడట. ఇక్కడివాళ్ళకు గ్రాండంటే బాగుంది, సరే అని. అంతా గ్రాండేనట, బాగుచేయడం ఒక్కటే వీలుకాదట. ఊళ్ళో రిపేరు షాపతను షట్టరు దించుకుని ఫోన్లోనే మాట్లాడాడు. కొత్త ఫ్యాను రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడు. ఆమెకున్నది రెండు వారాలు. చివరికి ఏదో వీడియో చూసి తనే వెనక మూత విప్పింది. పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒక స్క్రూ పోగొట్టుకుని, మళ్ళీ బిగించేసింది. అయిదు నిమిషాలు ఎక్కువ పనిచేసింది, అంతే.

అప్పుడే నన్ను అడిగింది. నాది కొత్తది, రెండు నెలల క్రితం కొన్నది. గంటలకొద్దీ వాడినా చెయ్యి వేస్తే చల్లగా ఉండేది.

"అక్కా, పరీక్ష ఒక్కరోజు నీది ఇస్తవా?"

"కంగారెందుకే? నేనున్నానుగా" అన్నాను.

ఆ మాటకు ఆ పిల్ల ఎంత పొంగిపోయిందంటే, ఆ రోజే నాకు కోడికూర వండిపెట్టింది. తర్వాత ప్రతి సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే నాకోసం రోగి వేషం వేసేది. మాట్లాడే పరీక్షలో మనం నర్సులా మాట్లాడాలి, అవతలివాళ్ళు రోగిలా మాట్లాడతారు. వంటింట్లో కుర్చీలో కూర్చుని, కడుపు పట్టుకుని మూలుగుతూ నా చేత ప్రశ్నలు వేయించేది. నేను అడుగుతుంటే పకపకా నవ్వేది.

"గార్డులు దొంగను అడిగినట్టు అడుగుతున్నవ్ అక్కా! జర మెల్లగ అడుగు. ఆమెకు భయమైతుంది, ముందుగాల చెయ్యి పట్టుకో."

ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. నాకు చిన్నతనంగా అనిపించింది. నాకన్నా ఆరేళ్ళు చిన్నది, నాకన్నా ఏడాది వెనకొచ్చింది, నాకు పాఠాలు చెబుతోంది. ఆమె నోట్లోంచి ఇంగ్లీషు అంత తేలిగ్గా దొర్లుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. మా నర్సింగ్ హోమ్‌లో అప్పుడు ఒకే ఒక్క నర్సు పోస్టు ఖాళీగా ఉంది. అది ఎవరికి పోతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది.

పరీక్షకు ముందు ఆదివారం మా తెలుగువాళ్ళ ఆరాధన యథాప్రకారం స్క్రీన్ మీదే జరిగింది. నడిపించే అంకుల్ డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఉంటారు. ప్రార్థన మనవులు చెప్పండమ్మా అన్నారు. ఆ పిల్ల తన ల్యాప్‌టాప్ సంగతి, పరీక్ష సంగతి చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా, నువ్వే ప్రార్థన చేయమ్మా అని అంకుల్ నాకు అప్పజెప్పారు. నేను మోకాళ్ళూని చేశాను. ప్రభువా, ఈ చెల్లి వాడే ఆ పరికరాన్ని నీ చేతితో ముట్టి చల్లబరచు తండ్రీ, ఈ బిడ్డ చెయ్యి విడువకు తండ్రీ అని గొంతు జీరపోయేదాకా వేడుకున్నాను. సిగ్గులేకుండా కన్నీళ్ళు కూడా వచ్చాయి. కార్క్‌లో ఉన్నవాళ్ళు, డబ్లిన్‌లో ఉన్నవాళ్ళు, అందరూ ఆమెన్ అన్నారు. ఈ ప్రార్థనంతా నా కొత్త ల్యాప్‌టాప్ ముందే చేశాను. నీది ఇస్తావుగా, ఇంకా ప్రార్థన ఎందుకని ఆ పిల్ల అడగలేదు. దేవుడి సాయం కూడా ఉంటే మంచిదే అనుకుని ఉంటుంది.

పరీక్ష రోజు నాకు సెలవు. ఉదయం ఎనిమిదిన్నరకు తలుపు కొట్టింది. తల నున్నగా దువ్వుకుని, నల్ల కోటు వేసుకుని, పెళ్ళిచూపులకు తయారైనట్టు నిలబడింది.

"అక్కా, ల్యాప్‌టాప్ తీస్కపోనా?"

"అయ్యో, నీకు చెబుదామనే అనుకుంటున్నానే. నాది ఇంకా వారంటీలో ఉంది. పరీక్షవాళ్ళ సాఫ్ట్‌వేరేదో వేయాలంటున్నావు కదా, అలాంటివి వేస్తే వారంటీ పోతుందట."

"గట్ల పోతదా అక్కా?"

"పోదేంటి? వారంటీ లేకపోతే ఏమవుతుందో నీది చూస్తున్నావుగా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత హాయిగా వచ్చిందో ఇప్పటికీ నాకు గుర్తే. ఆ పిల్ల వాదించలేదు. నా వెనక బల్ల మీదున్న ల్యాప్‌టాప్ వైపు ఒకసారి చూసి కిందికి దిగిపోయింది. పరీక్షకు గంటన్నర ఉంది. ఫ్రీజర్ తెరిచి, ఇండియన్ షాపులో కొన్న ములక్కాడ ముక్కల ప్యాకెట్లు రెండు తీసింది. ల్యాప్‌టాప్ కింద పెట్టడానికట. నేను కూడా ఉదారంగా నా కొబ్బరి తురుము ప్యాకెట్ ఒకటి ఇచ్చాను. థాంక్స్ అక్కా అంది!

మా గదుల మధ్య గోడ అట్టముక్కంత పల్చన. అంతా వినపడింది. కాపలా మనిషి గదంతా కెమెరాతో చూపించమన్నాడు. బల్ల మీద ఆ ప్యాకెట్లేమిటని అడిగాడు. డ్రమ్‌స్టిక్స్ అంది. బల్ల మీద ఏమీ ఉండకూడదు, తీసేయమన్నాడు. తీసేసింది. కిటికీ బార్లా తెరిచి, ఆ చలిలో రాయడం మొదలుపెట్టింది. ఫ్యాను మోత పెరుగుతూనే ఉంది. అయినా ఎలాగో ఈడ్చుకొచ్చి మాట్లాడే భాగం దాకా చేరింది. ఆపరేషనంటే భయపడే ఒక ముసలావిడకు ధైర్యం చెప్పాలి. ఎంత బాగా చెప్పిందో! గోడ ఇవతలున్న నాకే ధైర్యం వచ్చింది. పాసైపోయినట్టేనని నాకు గుండె జారిపోయింది. అప్పుడే మాట మధ్యలో ఆగింది. ఫ్యాను మోత కూడా ఆగింది.

రెండు నిమిషాలకు నా తలుపు దగ్గరికి వచ్చింది.

"అక్కా, పది నిమిషాల్ల మళ్ళ రమ్మని ఫోన్‌కు మెసేజ్ పెట్టిన్రు. నాది ఆన్ అయితలేదు. జర నీది ఇయ్యి అక్కా. వారంటీ పోతే నేను కొనిస్త. అక్కా!"

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. నా ల్యాప్‌టాప్ నా ఒళ్ళోనే తెరిచి ఉంది. ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకున్నాను. నేను లోపలే ఉన్నానని ఆమెకు తెలుసు. తనకు తెలుసని నాకూ తెలుసు. ముందు గట్టిగా కొట్టింది, తర్వాత మెల్లగా కొట్టింది, తర్వాత కొట్టడం మానేసింది. పది నిమిషాలూ అయ్యేదాకా నేను తలుపు తీయలేదు.

మళ్ళీ దొరికిన పరీక్ష తేదీ నెలాఖరు దాటాక ఉంది. ఉత్తరం గడువు తీరిపోయింది. మూడు వారాల తర్వాత నేను రాశాను. ఆమె నేర్పినట్టే మెల్లగా అడిగాను, భయపడుతున్న మనిషితో ముందు రెండు మంచి మాటలు మాట్లాడాను. పాసయ్యాను. నర్సు పోస్టు నాకే వచ్చింది.

ఆ కబురు తెలిసిన రోజు ఇద్దరం వంటింట్లో ఉన్నాం. ఆమె గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నేను పాసైతనని భయపడ్డవా అక్కా?"

"అవును" అన్నాను.

ఒక్కసారి గట్టిగా తిట్టినా, చేతిలో గిన్నె విసిరికొట్టినా నాకు బరువు తగ్గేది. ఆ పిల్ల చెయ్యి తుడుచుకుని, గిన్నెలు అలమరలో సర్ది, తలుపు మూసింది.

"గదే మాట రెండు వారాల ముందు చెప్తె అయిపోతుండె. ఇంకెవరినన్న అడుగుదును. నువ్వున్నవని నేను ఎవ్వర్నీ అడగలె."

పై సోమవారం నుంచి నేను నర్సుగా చేరాను. మా నర్సింగ్ హోమ్‌లో ఏ రోజు ఏ మంచం దగ్గర పనిచేయాలో ఆమెకు చెప్పేది నేనే. చెప్పినట్టే చేసేది, ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు.