పళ్ళెం అడిగిన ఆదివారం

స్పెయిన్ నుంచి టెక్సాస్‌లో మా ఊరు ప్లేనోకి తిరిగొచ్చాక మూడు వారాలపాటు నేను ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. సోఫాలో కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. కారు తాళాలు తీసుకుని ఇండియన్ షాపు దాకా వెళ్ళి, పార్కింగ్‌లో ఏసీ వేసుకుని పావుగంట ఫోన్ చూసుకుని, కొత్తిమీర కట్ట కూడా కొనకుండా వచ్చేసేదాన్ని.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? జెట్‌లాగ్ అయితే ఈపాటికి పోవాలి కదా," అంది అమ్మ.

జెట్‌లాగ్ కాదు. ఫోన్‌లో సగం రాసిన ఉత్తరం ఒకటుంది. రోజూ రెండు వాక్యాలు రాసి మూడు కొట్టేస్తున్నాను. వలెన్సియాలో నేను మొదట దిగిన ఇంటావిడకి చెప్పుకోవాల్సిన క్షమాపణ అది.

కాలేజీ మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ అక్కడ చదవడానికి వెళ్ళాను. ప్రోగ్రామ్ వాళ్ళు ఒక్కొక్కరినీ ఒక్కో ఇంట్లో ఉంచారు. నాకు దొరికింది అరవై దాటిన ఒక ఒంటరి ఆవిడ ఇల్లు, మూడో అంతస్తు. మొదటి రోజే నా గది చూపిస్తూ, "ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటేనే నాకు వంట చేయబుద్ధవుతుంది," అందావిడ. అందుకే ఏటా ఒక విద్యార్థిని పెట్టుకుంటుందట.

ఆవిడ పెట్టినవన్నీ తిన్నాను. కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, దాని మీద టొమాటో రుద్ది, నూనె పోసి ఇచ్చేది. బంగాళదుంపలతో అరచేతి మందాన గుడ్డట్టు వేసేది. మొదటి ఆలివ్ కాయని టిష్యూలో ఊసేసిన నేను, రెండో వారానికి సీసాలో వేళ్ళు పెట్టి వెతుక్కుంటున్నాను. ఆర్టిచోక్ అని ఒక మొగ్గ ఉంటుంది, ఉడికించి ఒక్కో రేకునీ మునక్కాయ తిన్నట్టు పళ్ళతో లాగి పిప్పి పక్కన పెట్టాలి. మా క్లాసు అమెరికన్లు దానితో నానా అవస్థా పడ్డారు. నాకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఆవిడ తెగ ముచ్చటపడింది.

చిక్కంతా ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ అక్క, బావ భోజనానికి వచ్చారు. మామూలుగా వేసే కుందేలు మాంసం నాకోసం మానేసి, చికెన్, చిక్కుళ్ళు వేసి పాయేయా అనే అక్కడి అన్నం వంటకం చేసింది. అన్నం వండిన ఆ వెడల్పాటి మూకుడునే తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. పళ్ళేల్లేవు. తలా ఒక చెక్క చెంచా. ఎవరి వైపు నుంచి వాళ్ళు తినుకుంటూ రావడమే.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎంగిలి! రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టనివ్వని ఇల్లు మాది, టెక్సాస్‌కి వచ్చి పన్నెండేళ్ళయినా సరే. ఏ మాత్రం దాచుకోకుండా, "నాకు ప్లేట్ ఇస్తారా?" అని అడిగేశాను. ఆవిడ లోపలికెళ్ళి తెచ్చింది. అన్నం వడ్డించింది. తర్వాత చెంచాతో మూకుడు అడుగు గరగరా గీకి, గోధుమరంగులో అట్టు కట్టిన మాడునంతా తీసి నా పళ్ళెంలో వేసింది. అక్కా బావా చూస్తూ కూర్చున్నారు.

నేను అమెరికా వచ్చింది ఎనిమిదో ఏట. అంతకుముందు గుంటూరులో మా అమ్మమ్మ ఇంట్లో, అంట్లు తోమే ఆవిడకి పెరటి మెట్ల మీద అన్నం పెట్టేవాళ్ళు. ఆవిడ పళ్ళెం వేరు. అన్నం అడుగంటిన రోజు ఆ మాడు ఆవిడదే. నాకు ఆ మెట్లు గుర్తొచ్చాయి. వేరు పళ్ళెం, మాడన్నం. నన్నెక్కడ కూర్చోబెట్టారో అర్థమైపోయిందనుకున్నాను. పళ్ళెం అడిగింది నేనేనన్న సంగతి ఆ కోపంలో గుర్తే లేదు.

మాడు పక్కకి నెట్టేసి మిగతాది తిన్నాను. పై ఆదివారమూ అదే జరిగింది. ఆ పై ఆదివారం తలనొప్పని గదిలో పడుకుని, ప్రోగ్రామ్ ఆఫీసుకి మెయిల్ కొట్టాను: ఈ ఇంట్లో నన్ను తక్కువగా చూస్తున్నారు, గిన్నె గీకి మిగిలింది పెడుతున్నారు. రెండు రోజుల్లో నన్ను హాస్టల్‌కి మార్చారు. బయల్దేరుతుంటే ఇంటావిడ నా స్వెటర్ ఉతికి మడతపెట్టి తెచ్చి బ్యాగ్ మీద పెట్టింది.

"అన్నం నచ్చలేదా?" అని అడిగింది.

"అలాంటిదేం లేదండీ," అన్నాను. నేను చెప్పిన అబద్ధం ఇదొక్కటే అనుకున్నాను. పెద్ద అబద్ధం మెయిల్లో ఉందని తర్వాత తెలిసింది.

నెల తర్వాత క్లాసులో వాళ్ళతో ఒక హోటల్‌కి వెళ్ళాను. పాయేయా వచ్చింది. ఆ ఊరి అమ్మాయిలిద్దరు పైఅన్నం వదిలేసి, అడుగున ఉన్న మాడు కోసం చెంచాలతో కొట్టుకున్నంత పని చేశారు. దాని కోసమే ఈ వంటంతా, అన్నారు. ఇంటికి ఎవరైనా ముఖ్యమైన వాళ్ళొస్తే తాము మానుకుని వాళ్ళకి పెడతారట. సిగ్గుతో చెంచా పక్కన పెట్టేశాను.

రెండుసార్లు ఆవిడ ఇంటి దాకా నడిచాను. రెండుసార్లూ బెల్ మీద వేలు పెట్టి తీసేశాను. తిరుగు ప్రయాణం ముందు ప్రోగ్రామ్ ఆఫీసులో, ఆ ఇంటికి ఈసారి ఎవరొస్తున్నారని అడిగితే, "కంప్లైంట్ వచ్చిన ఇంటికి పంపం కదా," అన్నారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆవిడ వంటగది ఖాళీగా ఉంచేసి విమానం ఎక్కేశాను.

ప్లేనోలో నాలుగో ఆదివారం ఇక ఉండబట్టలేక, అమ్మ దగ్గరున్న పెద్ద పెనంలో పాయేయా మొదలుపెట్టాను. చివర్లో మంట పెంచేసరికి స్మోక్ అలారం గొల్లుమంది. అమ్మ టవల్ ఊపుతూ పరిగెత్తుకొచ్చింది.

"అడుగంటుతోందే! స్టవ్ ఆపు!"

"అంటాలమ్మా. వదిలెయ్."

ఇద్దరమే తినడానికి కూర్చున్నాం. పైఅన్నం నాకు వడ్డించి, అమ్మ ఎప్పట్లాగే అట్లకాడతో అడుగు గీకి మాడంతా తన పళ్ళెంలో వేసుకుంది.

"అది నాకు పెట్టు," అన్నాను.

"మాడే ఇది. నీకెందుకు, నేను తింటాలే."

"ఇన్నేళ్ళూ మంచిదంతా మాకు పెట్టి మాడు నువ్వు తిన్నావ్. ఇంక చాలు."

అమ్మ పగలబడి నవ్వింది. "త్యాగమా నా మొహమా! నాకిదే ఇష్టమే పిచ్చిదానా. కాస్త నెయ్యి, ఆవకాయ ఉంటే ఇంకేం అక్కర్లేదు. చెప్తే మీరూ మీద పడతారని సైలెంట్‌గా తినేదాన్ని."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను, మెయిల్ సంగతి, బెల్ సంగతి, అమ్మమ్మ ఇంటి మెట్ల సంగతి.

"పాపం ఆవిడ నోటి దగ్గర ముద్ద తీసి నీకు పెట్టింది," అంది అమ్మ. "మనం మాత్రం మెట్ల మీద ఆవిడకి ప్రేమతో పెట్టలేదులే," అంది.

తన పళ్ళెంలోది సగం విరిచి నాకు వేసింది. కరకరలాడింది. కొంచెం చేదు, తర్వాత కమ్మగా ఉంది.

ఆ మధ్యాహ్నమే వంటగదిలో నిలబడి, ఒకటి కాదు, రెండు ఉత్తరాలు రాసి పంపించేశాను. తప్పు నాది, ఆ ఇంటిది కాదు, దయచేసి మళ్ళీ పిల్లల్ని పంపండి అని ప్రోగ్రామ్ వాళ్ళకి. పళ్ళెం ఎందుకు అడిగానో, మాడు ఎందుకు నెట్టేశానో, మెట్లతో సహా, వచ్చీరాని స్పానిష్‌లో ఆవిడకి.

ప్రోగ్రామ్ వాళ్ళు పరిశీలిస్తామన్నారు. ఆవిడ దగ్గర్నుంచి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ రెండు రోజులూ ఇండియన్ షాపు పార్కింగ్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. మూడో రోజు పొద్దున ఫోన్‌లో ఆవిడ జవాబు టింగుమంటే అమ్మ కూడా చేతిలో కాఫీతో వచ్చి నిలబడింది.

"ఏమంటోంది?"

"మళ్ళీ వస్తే పళ్ళెం అడగొద్దంటోంది. నా చెంచా అక్కడే ఉందట."

"అందరూ తినే మూకుట్లోనా? ఎంగిలి కదే. తింటావా?"

"తింటానమ్మా," అన్నాను.