పరదా కింద ఆకు, చెట్టు కింద పిల్లలు

ఆ రోజు పిల్లలను చెట్టు కిందికి పంపింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. మా ఊళ్లో ఈ సంగతి చెప్పుకునేవాళ్లలో కొందరు నన్ను మెచ్చుకుంటారు, చాలామంది తిడతారు. పంపింది నేనే అన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే రాస్తున్న అమ్మాయి కూడా ఇక్కడ ఆగి నా ముఖం చూసింది. రాయమన్నాను.

మాది ప్రాణహితకు మరాఠీ వైపు ఒడ్డున, బామ్ని దాటాక అడవిని ఆనుకొని ఉన్న ఊరు. ఎండాకాలం మాకు బీడీలు చుట్టే తునికాకే పని. పొద్దున్నే అడవికి పోతాం, ఎండ ముదిరేలోపు ఆకు మోసుకొస్తాం, మధ్యాహ్నం ఇంట్లో కూర్చొని కట్టలు కడతాం, పొద్దు వాలుతుంటే కల్లానికి చేరుస్తాం. కల్లం అంటే ఊరి బయట చదును చేసిన జాగా. కట్టలను అక్కడ వరుసలుగా పేర్చి ఎండబెడతారు. కంట్రాక్టరు తరఫున అక్కడ కూర్చునే మనిషి కల్లేదారు. ఎవరి ఆకు తీసుకోవాలి, ఎవరిది పక్కకు నెట్టాలి, అంతా అతని నోటి మాటే.

ఎండిన ఆకు తడిస్తే నల్లబడుతుంది, బూజు పడుతుంది. అందుకని మా కల్లంలో ఒక కట్టడి ఉంది. మబ్బు పట్టిందంటే అక్కడున్న పెద్దవాళ్లు ప్రతి ఒక్కరూ ఆకు మీద పరదా పట్టాలి. ముసలివాళ్లయినా సరే, కడుపుతో ఉన్నా సరే. పట్టనివాళ్ల ఆకు మర్నాడు తీసుకోరు. ఆ ప్లాస్టిక్ పరదాలు పెద్దవి, గాలి లేస్తే ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఆగవు. కట్టడి అంతవరకే. ఆ వేళ పిల్లలను ఎవరు చూడాలన్నది అందులో లేదు. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పిల్లలేమో కల్లంలోనే ఉంటారు. ఇళ్లలో ఎవరున్నారని వదిలి వస్తాం? మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా బిడ్డ ఆ నెల రెండో కాన్పుకని అహేరి దవాఖానలో ఉంది. ఏడేళ్ల పెద్దపిల్లను నాకు అప్పజెప్పి పోయింది. అప్పజెప్పింది అంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. తిండి పెట్టడం, తల దువ్వడం అనుకున్నాను.

ప్రాణహిత వైపు నుంచి గాలి లేచింది. చూస్తుండగానే సగం ఆకాశం నల్లబడింది. కల్లేదారు అరిచాడు.

"పరదాలు! పరదాలు గుంజుండ్రి! ఏం నిలవడి చూస్తున్నరు, పెండ్లి బారాత్ వస్తున్నదా?"

అందరం ఉరికాం. కల్లం అంచున పెద్ద ఇప్పచెట్టు ఉంది. అక్కడే ఆడుకుంటున్న ఆరుగురు పిల్లలను నేనే తోలాను.

"పోండ్రి, చెట్టు కిందికి పోండ్రి. నానుతరు!"

నా మనవరాలు కదల్లేదు. "వద్దు అమ్మమ్మా. పిడుగు పెద్ద చెట్టు మీదనే పడుతదట. మా బాయి చెప్పింది."

వాళ్లది మరాఠీ బడి. పంతులమ్మను బాయి అంటారు.

"మీ బాయి వచ్చి పరదా పడుతదా? నడువ్!"

"అది కాదు అమ్మమ్మా, తలుపులేసిన బండిల కూసుంటే ఏం కాదట, చెట్టు కింద..."

వీపు మీద ఒక్కటిచ్చాను. గట్టిగానే కొట్టాను, చిన్నగా కొట్టానని ఇప్పుడు చెప్పను. పిల్ల ఏడవలేదు. అందరిలో చిన్నదాని చేయి పట్టుకొని చెట్టు వైపు నడిచింది. మిగిలినవాళ్లు వెంట పోయారు.

నేను పరదా కొస పట్టుకున్నాను. నా పక్క కొస మా మరిదిది. వాన మొదలైంది, ముఖం మీద ఇసుక విసిరినట్టు. ఉరుము మీద ఉరుము. కల్లం అవతల టేకుల్లో ఒక మెరుపు దిగింది. చప్పుడు చెవుల్లో కాదు, పళ్లలో వినిపించింది. తల తిప్పి చూశాను. అయిదుగురు పిల్లలు ఇప్పచెట్టు మొద్దుకు అతుక్కొని ఉన్నారు. నా మనవరాలు మాత్రం ఒక అడుగు బయట, వానలో నిలబడి నన్నే చూస్తోంది. చెట్టు కిందికి పోదు, నా దగ్గరికి రాదు. అది పిడుగుకు భయపడుతోంది. అంతకంటే నా చేతికి ఎక్కువ భయపడుతోంది.

కొస వదిలేశాను.

"వదినె! ఇడువకు! ఇడిస్తే మొత్తం లేస్తది!" మరిది గొంతు చించుకున్నాడు.

"లేవనీ."

లేచింది. వెనక్కి చూడలేదు. చెట్టు దగ్గరికి ఉరికి ఇద్దరిని చంకల్లో ఇరికించుకున్నాను, మిగతావాళ్లను తిట్టుకుంటూ తోలాను. ఎక్కడికి తోలాలో తెలియదు. ఊరికి పోవాలంటే బయలు పొలం దాటాలి. పిల్ల ఇందాక బండి అన్నది కదా. ఆకు ఎత్తడానికి వచ్చిన లారీ కల్లం పక్కనే ఉంది. ముందు భాగం తలుపులు మూసి, అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల ఎవరున్నారు? కల్లేదారు. మమ్మల్ని వానలో పరదాలు పట్టమని, తాను డ్రైవరు పక్కన కూర్చొని, అద్దం సందులోంచి చేయి ఊపుతూ అరుస్తున్నాడు.

తలుపు బాదాను.

"పరదా ఇడిచిపెట్టి ఇటెందుకొచ్చినవే? ఇది లారీ అనుకున్నవా, అంగన్‌వాడి అనుకున్నవా?"

"పిల్లలను ఎక్కించుకో."

"ఎక్కించుకుంటే ఆకు నీ అయ్య చూస్తడా? పో, కొస పట్టుకో."

కింద నుంచి రాయి తీశాను. "తలుపు తీస్తవా, అద్దం తియ్యాల్నా?"

డ్రైవరు సిరొంచ సాయబు, నెరిసిన గడ్డం మనిషి. అటువైపు తలుపు తీసి అరిచాడు. "ఇటు రాండ్రి బచ్చాలు, జల్ది, జల్ది! అమ్మా, రాయి కింద పెట్టు. అద్దం పోతే నా సేఠు నన్ను తింటడు." కల్లేదారును మోచేత్తో నెట్టాడు. "జర జరుగు సాబ్. ఒళ్లె ఒకర్ని కూసోబెట్టుకో."

బురదకాళ్ల పిల్ల ఒకతె కల్లేదారు తెల్లచొక్కా మీదికి ఎక్కి కూర్చుంది. ఆరుగురూ పట్టారు. నాకు జాగా లేదు. తలుపు మూయించి, వెనక్కి పోయి పరదా పట్టాను. పెద్దవాళ్లమంతా ఆ బయల్లో నిలబడే ఉన్నాం. మాకు ఎవరు తెలివి చెప్పాలి?

వాన తొందరగానే ఆగింది. ఇప్పచెట్టు మీద పిడుగు పడలేదు. ఒక కొమ్మ కూడా విరగలేదు. నా పరదా లేచిన చోట రెండు వరుసల ఆకు ముద్దయింది. జనమంతా నా చుట్టూ మూగారు.

"చూడు వదినె, నీ చెట్టును కండ్లార చూడు," అన్నాడు మరిది. "పిడుగు దాని మీద పడ్డదా? మా ఆకు మీద పడ్డది."

"మాకు పిల్లలు లేరా? నీకొక్కదానికే ఉన్నరా?" అంది ఒక ఆడమనిషి. నేను చంకలో ఇరికించుకొచ్చిన వాళ్లలో ఒకడు ఆమె కొడుకే.

"ఉన్నరా? నీ చేతుల పరదానే కనవడ్డది నాకు," అన్నాను.

కొట్టడానికి వచ్చింది. కొట్టినా ఊరుకునేదాన్ని కాదు. పిడుగు పడి ఉంటే ఆ రాత్రి అందరూ నన్ను దేవతను చేసేవాళ్లు. పడలేదు కాబట్టి దొంగనయ్యాను. పిల్లలు బతికి ఉండటం వాళ్లకు ఒక సంగతే కాదు. బతికి ఉండటం రోజూ ఉండేదే కదా.

మర్నాడు సాయంత్రం కట్టలు నెత్తిన పెట్టుకొని పోయాను. మనవరాలు పక్కనే ఉంది. కల్లేదారు అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"తప్పయిందను. అందరి ముందట ఒక్క మాట అను. నీ ఆకు తీస్కుంట."

"తప్పయింది," అన్నాను.

అతని ముఖం విప్పారింది. నేను ఇంకా ఆపలేదు.

"చెట్టు కిందికి పోవద్దని ఈ పిల్ల చెప్పింది. నేను దాన్ని కొట్టి పంపిన. గది నా తప్పు. పరదా ఇడిచింది తప్పు గాదు. మల్ల మబ్బు పడితే మల్ల ఇడుస్త."

అతను నా కట్టలను కాలితో పక్కకు నెట్టాడు. మా మరిది బీడీ వెలిగించుకున్నాడు. నేను కట్టలు ఏరుకుంటుంటే మనవరాలు కూడా వంగి ఏరింది. దాని పక్కన ఉన్న కట్ట అందుకుందామని నేను చేయి చాపితే, పిల్ల తల వంచి భుజం ముడుచుకుంది. కొడతాననుకుంది. కల్లేదారు కాలు నన్ను అంత బాధపెట్టలేదు.

ఆ ఏడు మళ్లీ నా ఆకు తీసుకోలేదు. అయినా కల్లానికి పోవడం మానలేదు. నాలుగు రోజులకు మళ్లీ మబ్బు పట్టింది. పిల్లను వెంటబెట్టుకొని పోయి లారీ పక్కన నిలబడ్డాను.

"ఆకు లేనిదానివి, నీకిక్కడ ఏం పని?" అన్నాడు కల్లేదారు.

"ఉన్నది."

డ్రైవరు తలుపు తీసి, తాను దిగి, బీడీ పారేసి పరదాల వైపు పోయాడు. నా మనవరాలు పిల్లలను కేకేసింది. ముందు నలుగురు వచ్చారు. తర్వాత మొన్న నన్ను కొట్టబోయిన ఆమె, తన కొడుకును రెక్క పట్టుకొని లాక్కొచ్చి, నా ముఖం చూడకుండా పైకి నెట్టి, పరదా వైపు ఉరికింది. చివరికి మా మరిది. భుజం మీద మనవడు.

"పైలం వదినె, పోరడు జాగ్రత్త," అన్నాడు.

"పైలం సంగతి నాకు చెప్పకు. నువ్వు పోయి నీ ఆకు చూసుకో," అని పిల్లవాణ్ణి లాక్కొని తలుపు వేశాను.