ఏసీ గదిలో కొండకప్ప

అత్తగారింట్లో ఉన్న ఒక్క ఏసీ గదినీ కప్పకు ఇప్పించి, మామగారిని విసనకర్రతో వరండా పాలుచేసిన ఘనురాలిని నేను. పైగా తెనాలి కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతాను. మా విద్యార్థుల తల్లిదండ్రులు ఇది చదవకుందురు గాక!

అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు. రేపల్లెలో మా అత్తగారు నాది "కప్పల్ని కోసే చదువు" అనేవారు. వీధిలో డాక్టరు కోడళ్లు, ఇంజినీరు కోడళ్లు ఉండగా ఆవిడ బాధ ఆవిడది. ఒక్కసారైనా ఆవిడ చేత శభాష్ అనిపించుకోవాలని నా పట్టుదల.

ఆ జూన్‌లో కేరళ కొండల్లో వర్షారణ్యాలు చూసొచ్చాను. చెట్ల మీదే బతికే కప్పలు, వాటి వేళ్ల చివర గుండ్రటి మెత్తలు, ఆకులకు నురుగుతో కట్టిన గూళ్లు చూసి మతిపోయింది. అత్తగారికని ఏలకుల మొక్క తెచ్చాను. అది వాడిపోకుండా రాత్రికి తెనాలిలో మా బాత్రూంలో పెట్టి, పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. ఈ బాత్రూం సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

వేమూరు దాటగానే కుండీలోంచి ఓ కప్ప ఎగిరి ఎదుటి పెద్దాయన భుజం మీద వాలింది. ఆయన "ఓరి నాయనో!" అంటూ తువ్వాలు ఎత్తారు. వేళ్ల చివర మెత్తలు చూశాను. ఇంకేముంది!

"కొట్టకండి బాబాయ్! కేరళ కొండకప్పండి అది. మన ఎండ తగిలితే చచ్చిపోతుంది!"

"అయ్యో పాపం, అంత దూరం నుంచొచ్చిందా?" అంటూ పక్కనున్న మామ్మగారు మంచినీళ్ల సీసా కుమ్మరించారు. పెద్దాయన అదే తువ్వాలు తడిపి కుండీకి చుట్టారు. రేపల్లె చేరేసరికి పెట్టెలో సగంమంది దానికి చుట్టాలైపోయారు.

"ఏంటీ, చూడగానే గుర్తుపట్టేశావా అమ్మాయ్!" అన్నారు అత్తగారు, రైలు కథంతా విని. నా జన్మ ధన్యం. కప్పకు ఏసీ గది ఇచ్చేశారు.

"మరి నేనో?" అన్నారు మామగారు.

"మీరేమన్నా కొండల్లోంచి వచ్చారా ఏంటి?"

సాయంత్రానికి వీధి ఆడవాళ్లంతా బిందెలతో దిగారు. వానల్లేక నారుమళ్లు ఎండిపోతున్నాయి. అలాంటప్పుడు రోకలికి కప్పను కట్టి, పసుపు రాసి, నీళ్లు పోస్తూ కప్పతల్లిని ఊరేగించడం మా వైపు ఆచారం.

"వానల కొండ నుంచే కప్పతల్లి వచ్చిందంట గదా వదినా!" అన్నారు పక్కింటి పిన్నిగారు అత్తగారితో.

"రోకలికి కడితే నలిగిపోద్ది పిన్నీ! పసుపు అసలే వద్దండి!" అని కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి కుండీని పీట మీద పెట్టి, నీళ్లు పోసి హారతిచ్చారు.

అంతటితో ఆగానా? బాపట్లలో నాకు చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను. పాపం, మర్నాడు మండుటెండలో బస్సెక్కి వచ్చారు. కప్పను చూసి కళ్లజోడు తీశారు.

"రాత్రి మొక్కని ఎక్కడ పెట్టావమ్మా?"

"బాత్రూంలో సార్."

"అక్కడ కప్పలేమన్నా ఉన్నాయా?"

"బకెట్ వెనక ఒకటుందండి. రోజూ చీపురుతో తోలుతుంటాను."

"అదింకా అక్కడే ఉందేమో, మీ ఆయన్ని అడుగు."

తెనాలికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. అదొక తెలివి.

"మన కప్పా? నువ్వెళ్లిన కాణ్ణించీ కనపట్లేదు. నీమీద బెంగ పెట్టుకుందేమో!" అన్నాడు మా ఆయన.

"చెట్టుకప్పేనమ్మా, కాకపోతే మన ఊళ్లదే. ఎండలకి తేమ వెతుక్కుంటూ బాత్రూముల్లో చేరుద్ది" అన్నారు మాస్టారు.

నూతిలో కప్పకు లోకం తెలియదంటారు. నాకేమో లోకంలో కప్పలన్నీ తెలిసి, మా బాత్రూంలో కప్ప తెలియలేదు. మామగారు లేచి, కుండీని తెచ్చి వరండాలో పెట్టి, ఏసీ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. అత్తగారి మొహం చూడలేక సిగ్గుతో తలవంచుకున్నాను.

అప్పుడు ఉరిమింది. చూస్తుండగానే కుండపోత! వీధంతా కేకలు. అత్తగారు కుండీని చంకనేసుకుని వాకిట్లోకి పరుగెత్తారు.

"కొండదైతే ఏంటి, బాత్రూందైతే ఏంటండీ! ఈ వీధిలో ఇంకే కోడలు తెచ్చింది వాన? శభాష్ అమ్మాయ్!"

ఆ వానలో నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

ఏలకుల మొక్క వారం తిరక్కుండా పోయింది. కప్ప మాత్రం అత్తగారి బాత్రూంలో సకల మర్యాదలతో కాపురముంటోంది. కనుక రేపల్లె రైలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా బాత్రూంలో హాజరు తీసుకోనిదే ఇక లోకంలో ఏ కప్పకూ పేరు పెట్టను.